ఏడో కాలమ్

లేదండీ, ఇవ్వను. మార్కరు ఇవ్వను గాక ఇవ్వను. అలా చెయ్యి చాపినా సరే, కుర్చీ చెక్క మీద టకటకా కొట్టినా సరే. పలక మీ ఒళ్ళోనే ఉంచుకోండి, ఎవరొద్దన్నారు? మార్కరు మాత్రం నా కుట్టు డబ్బాలో ఉంది, డబ్బా నా కాళ్ళ దగ్గరుంది.

డాక్టరుగారు ఏమన్నారు? పది రోజులు నోట్లోంచి ఒక్క మాట రాకూడదన్నారు. గుసగుసలాడితే మరీ ప్రమాదం అన్నారు. ఆ మాట వినగానే మీరు నా మొహం చూశారు, నేను మీ మొహం చూశాను. ముప్పై ఏళ్ళ కాపురంలో మనిద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన రావడం అదే మొదలు.

మరేంటి! బస్టాండులో ఎనిమిది గంటలు మైకులో అరిచి వచ్చిన మనిషి ఇంట్లోనైనా ఊరుకుంటాడనుకుంటాం కదా. ఊహూఁ. మంచినీళ్ళు కావాలన్నా 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అని మొదలుపెట్టే మనిషి ఇంకెక్కడైనా ఉంటాడా? ఇరవై ఎనిమిదేళ్ళు ఊరంతా మీ గొంతు విని బస్సెక్కింది. నేనొక్కదాన్నే ఎక్కడికీ వెళ్ళకుండా వింటూ కూర్చున్నాను.

నాలుగు రోజులయ్యాయి, ఇంకా ఆరున్నాయి. ఈ ఆరూ నావి.

ముందు ఆ గడియారం చూడండి. నాలుగుంబావు. సరిగ్గా ఐదింటికి పన్నుల రిటర్ను గడువు అయిపోతుంది. ఒక్క నిమిషం దాటినా జరిమానా. అందుకని కాస్త కుదురుగా కూర్చుని నేను చెప్పేది వినండి. దిండు సర్దమంటారా? ఆఁ, అలాగ.

అసలు ఈ పని నా నెత్తిన ఎందుకు పడింది? ప్రతి ఏడాదీ మీరేం చేసేవారు? హెల్ప్‌లైనుకి ఫోను చేసి, ఏడాది పొడుగునా అమ్మిన షేర్ల లెక్కంతా మైకులో చదివినట్టు చదివి, పాపం ఆ అమ్మాయి చేతే టైపు చేయించేవారు. ఈ ఏడాది గొంతు లేదు. కాబట్టి ప్యాంట్ల కాళ్ళు కురచ చేసుకుంటూ బతికే నేను, మెడలో కొలతల టేపు కూడా తియ్యకుండా వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఏముంది మేడమ్, చాలా సులువు, అంది ఆ అమ్మాయి. అంకుల్ రాసుకున్న షీటు మీ దగ్గరుందిగా, సాఫ్ట్‌వేరులో 'ఇంపోర్టు' అని ఒక బటను ఉంటుంది, నొక్కితే షీటులో ఉన్నదంతా అదే లాక్కుంటుంది, అంది. నొక్కాను. లాక్కుంది. తొంభై ఆరు వరసలు, తొంభై ఆరు తప్పులు. ఇంత శ్రద్ధగా తప్పులు చేసినవాళ్ళని ఆ సాఫ్ట్‌వేరు కూడా చూసుండదు.

నవ్వకండి! నవ్వు కూడా గొంతుకి మంచిది కాదన్నారు.

'సబ్బులు' అనే కంపెనీ లేదంది. 'టైర్లు' లేదంది. 'సిమెంటు, పాతది' అస్సలు లేదంది. ఎందుకుంటుందండీ? కంపెనీకి పెట్టిన పేరొకటి ఉంటుంది కదా. బస్సు నెంబరు చెప్పకుండా 'ఆ ఎర్రది వచ్చింది, ఎక్కండి' అని మైకులో ఏనాడైనా అన్నారా? డిపో మేనేజరు ఊరుకుంటాడా? ఇక్కడ మాత్రం సబ్బులు!

ఇక తేదీలు. రోజు రాశారు, నెల రాశారు, గంటా నిమిషం కూడా రాశారు, సంవత్సరం రాయలేదు. ఏ ఏడో అందరికీ తెలుసుగా అనుకున్నారు. సాఫ్ట్‌వేరుకి తెలీదు. ఏడాది లేకపోయేసరికి అది పందొమ్మిది వందలని వేసుకుంది. అంటే 1900లో మీరు టైర్ల షేర్లు కొన్నారన్నమాట. మీ తాతగారికి అప్పటికి పాలపళ్ళు కూడా వచ్చుండవు.

ధర సంగతి సరేసరి. నూట నలభై రెండు అని అంకె వేసి ఊరుకోవచ్చు కదా. '142 చొప్పున' అట. ప్రతి గడిలోనూ చొప్పున. అక్షరాలు కలిసిన అంకె దాని దృష్టిలో అంకె కాదు, కొన్న ధరంతా సున్నా కింద వేసుకుంది. మీరు ఉత్తపుణ్యానికి వచ్చిన షేర్లు అమ్మి మూటలు కట్టారని లెక్క తేల్చింది. పొద్దున పదిన్నరకి మనం ఈ వీధిలోకెల్లా ధనవంతులం, తెలుసా? కట్టాల్సిన పన్ను ఎర్ర అక్షరాల్లో చూపించింది. ఈ ఇల్లు అమ్మినా సరిపోదు. అమ్ముదామన్నా ఇది మనదీ కాదనుకోండి.

నలభైయో వరస దగ్గర ఇంకో విచిత్రం. ఈ చివరినుంచి ఆ చివరిదాకా గడులన్నీ కలిపేసి, మధ్యలో 'భోజన విరామం' అని రాశారు! 'భోజన విరామం అనే కంపెనీలో మీకు ఎన్ని షేర్లున్నాయి' అని అడుగుతుంది సాఫ్ట్‌వేరు. ఏం చెప్పమంటారు? రోజుకి ఒక పూట అని చెప్పనా?

మళ్ళీ ఆ అమ్మాయికే ఫోను. 'మేడమ్, మీ పద్ధతీ మా పద్ధతీ కలవట్లేదు' అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకూ అదే ఇబ్బంది తల్లీ అన్నాను. పక్కున నవ్వింది. నవ్వి, అంకుల్ గొంతు ఎలా ఉంది అని అడిగింది. లైను మధ్యలో ఆగినప్పుడు మీరు వాళ్ళకి బస్సులు చెప్పేవారటగా? స్పీకరులో పెట్టుకుని ఆఫీసంతా వినేవారట. చూశారా, మీకు ఎక్కడెక్కడ అభిమానులున్నారో. నాకొక్కదానికే తెలిసినట్టు లేదు.

సరే, చొప్పునలన్నీ పీకాను. సంవత్సరాలు వేశాను. సబ్బులకీ సిమెంటుకీ అసలు పేర్లు వెతికి పెట్టాను. భోజన విరామాన్ని ఎత్తేశాను. పాత ప్యాంటు కుట్లు విప్పినట్టు ఒక్కో గడీ విప్పి మళ్ళీ కుట్టాను. తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడా అమ్మాయి ఇంకో మాట అంది. 'మాకు ఆరు కాలమ్‌లు చాలు మేడమ్. ఏ కంపెనీ, ఎన్ని షేర్లు, ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎప్పుడు అమ్మారు, ఎంతకి అమ్మారు. అంకుల్ షీటులో ఏడున్నాయి. ఏడోది తీసెయ్యండి.'

ఏడో కాలమ్. పైన 'కారణం' అని రాసుంది.

నేను 'కారణం' అని పైకి చదివానో లేదో, కుర్చీలోంచి ఎలా లేచారండీ మీరు! నాలుగు రోజులుగా చెంచా ఎత్తడానికి నీరసం అన్న మనిషేనా? పలక మీద ఇంతింత అక్షరాలు రాసి నా మొహానికి అడ్డంగా పెట్టారు. 'చదవకుండా తీసెయ్.' కింద రెండు గీతలు కూడానూ.

అలాగే మహాప్రభో అన్నాను. నిజంగానే చదవలేదండీ. మీరు నమ్మరు, కానీ నాకేం ఆసక్తి? షేర్లు అమ్మడానికి ఏం కారణాలుంటాయి? పడిపోతోందని అమ్ముతారు, అమ్మగానే పెరుగుతుంది, సాయంత్రం మొహం వేలాడేసుకుని ఇంటికొస్తారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే కదా. మౌసుతో పట్టుకుని ఆ కాలమ్‌ని అవతల పారేశాను. మళ్ళీ ఇంపోర్టు నొక్కాను.

ఈసారి తప్పులు పందొమ్మిదే. ఎంత అభివృద్ధో చూడండి. కానీ ఆ పందొమ్మిదీ ఒకే మాట. 'మీ దగ్గర లేని షేర్లు అమ్మారు.'

లేని షేర్లు అమ్మడమేంటి? ఈ మనిషి ఏం వ్యవహారం వెలగబెట్టాడు, ఇంటికి ఎవరొస్తారో ఏమోనని వీధి తలుపు గడియ పెట్టొచ్చాను. మీరేమో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఏమీ ఎరగనట్టు.

కాసేపటికి వెలిగింది. మీ బస్టాండు బుద్ధి! బస్సు రాకముందే ప్రకటిస్తారు కదా, అలాగే షేర్లు అమ్మకముందే వరస రాసేస్తారు. రాసింది ఇక కొట్టెయ్యరు. ప్రకటించింది ప్రకటించినట్టే ఉండాలి, మారితే మార్పు కూడా ప్రకటించాలి, అదేగా మీ రూలు? అమ్మడం మానుకుంటే కారణం గడి చివర 'రద్దు' అని రాస్తారు. రెండు రోజులాగి అమ్మితే 'ఆలస్యం' అని రాస్తారు. ఆ కాలమ్ తీసేశాక ఇంకేముంది? రద్దయినవి కూడా అమ్మినట్టే లెక్క.

రద్దంటే ఇక రాదు. ఆలస్యమంటే వస్తుంది, ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేం. పెళ్ళయిన కొత్తలో మీరు నాకు నేర్పిన మొదటి పాఠం అది. పక్క ఊరికి సినిమాకి తీసుకెళ్తానని బస్టాండులో కూర్చోబెట్టి మరీ నేర్పారు.

కాబట్టి పారేసిన కాలమ్‌ని తెచ్చి మళ్ళీ అతికించాల్సి వచ్చింది. ఏ వరస రద్దో తెలియాలంటే చదవక తప్పదు కదండీ. చదివాను.

అటు తిరక్కండి. ఇటు చూడండి.

'కరెంటు బిల్లు.' 'ఇంటి అద్దె, మూడు రోజులు ఆలస్యం.' 'ఆమె పన్ను నొప్పి. నష్టానికి అమ్మకం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.' ఎవరితో చెప్తున్నారండీ చింతిస్తున్నామని? ఆ గడి ఎవరు చదువుతారని? 'కుట్టు గది కిటికీకి తెర. ఎండ ఆమె కళ్ళలో పడుతోంది.' ఈ తెర! ఇదే తెర! బస్టాండులో ఎవరో వదిలేసి పోయారని చెప్పి తెచ్చారే! నేను ముక్కు మూసుకుని రెండుసార్లు వేణ్ణీళ్ళలో ఉతికాను, కొత్త తెరని.

ధర పడిపోతుందని అమ్మినవి ఎన్నో తెలుసా? ఆరు. లెక్కపెట్టాను. మిగతావన్నీ ఇల్లే. నేనేమో రోజూ తలుపు తీస్తూనే 'ఈ వేళ ఎంత తగలేశారు' అని పలకరించేదాన్ని. మీరు 'కాస్త' అనేవారు. చెప్పులు విడిచి లోపలికెళ్ళిపోయేవారు. ఊరంతా వినేలా అరిచే మనిషి నా దగ్గరికొచ్చేసరికి కాస్త.

ఇక రద్దులు. మొదట్లో బానే నడిచింది. 'తమ్ముడి స్కూటరు రిపేరు. రద్దు.' భేష్, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నాను. 'కొత్త బూట్లు. రద్దు.' 'కళ్ళజోడు. రద్దు.' 'డిపో వాళ్ళతో రెండు రోజుల విహారం, నా వంతు. రద్దు.' దానికి కాళ్ళ నొప్పులని పోలేదు మీరు, నాతో కాపడం కూడా పెట్టించుకున్నారు! మీ తమ్ముడి స్కూటరు తప్ప రద్దయినవన్నీ మీవే. కిందినుంచి పైకి ఒక్కొక్కటీ తీసేశాను. డిలీట్, డిలీట్, డిలీట్. ఎక్కడైనా వేలు ఆగాలి కదా, ఆగలేదు. పని మీద ఉన్నాను. కోపం మీద కూడా ఉన్నాను లెండి.

పద్దెనిమిది తీసేశాను. ఒకటి మిగిలింది. పన్నెండో వరస.

లేవకండి. కూర్చోండి అంటున్నానా.

'సబ్బులు, అరవై. గొంతు ఆపరేషను. డాక్టరు తొందరగా చేయించుకోమన్నాడు. రద్దు.' దాని కిందే పదమూడో వరస. అదే రోజు, అవే సబ్బులు, అవే అరవై. 'ఆమె మెషిను మోటారు కాలిపోయింది. కొత్తది కొనాలి. ఆపరేషను ఆలస్యం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.'

పదహారు నెలల కిందటి తేదీ.

మొన్న ఆపరేషను గదిలోంచి బయటికొచ్చి డాక్టరుగారు ఏమన్నారు? 'ఏడాది ముందొచ్చుంటే చిన్న కోతతో పోయేది. ఇప్పుడు గొంతు మునుపటిలా వస్తుందో లేదో చెప్పలేను' అన్నారు. మైకు ముందు గొంతు పూర్తిగా ఆగిపోయాక, డిపో వాళ్ళే ఖర్చు పెట్టుకుని పంపితే కదా మీరు వెళ్ళింది! ఆస్పత్రి మెట్ల దగ్గర్నుంచి ఇంటి ముందు టాక్సీ దిగేదాకా మిమ్మల్ని ఉతికి ఆరేశాను. అశ్రద్ధ అన్నాను. మొండితనం అన్నాను. సొంత ఒంటి మీద శ్రద్ధ లేనివాడికి షేర్ల మీద శ్రద్ధెందుకన్నాను. ఆ డ్రైవరు అద్దంలోంచి మీ వంక ఎంత జాలిగా చూశాడో. మీరు బుద్ధిగా తల ఊపారు. నోరు తెరవకూడదు కాబట్టి ఊపుతున్నారనుకున్నాను.

నిన్న వచ్చిన కండక్టరు ఏం చెప్పాడు? మీరు నిద్రపోతున్నారని గుమ్మంలోనే చెప్పి వెళ్ళాడు. డిపోలో మీ బదులు రికార్డింగు పెట్టారట. అది టైము చెప్తుంది, ప్లాట్‌ఫారం చెప్తుంది, కారణం చెప్పదు. జనం కిటికీ దగ్గరికొచ్చి తగువులట. వచ్చే నెల ఒకటికి మీరు మైకు ముందు కూర్చోలేకపోతే, దొరికిన సామాన్ల గదికి మారుస్తారట. జనం మర్చిపోయిన గొడుగుల మధ్య మీరు! గొడుగులకి ఏం ప్రకటిస్తారు?

మీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను. ఈ వేళ అన్నీ చెప్పేస్తున్నాను.

అబ్బ, ఎంత గొప్పవారండీ మీరు! టైరు పంక్చరైంది కాబట్టి నలభై నిమిషాలు ఆలస్యం. వంతెన మీద లారీ ఆగిపోయింది కాబట్టి రద్దు. కారణం తెలిస్తే జనం ఓపిగ్గా కూర్చుంటారు, తెలియకపోతేనే తగువుకొస్తారు అని నాకే ఉపన్యాసాలిచ్చారు కదా. మరి నాకు? ముక్కూ మొహం తెలియని ప్రయాణికుడికి చెప్పే కారణం కట్టుకున్నదానికి చెప్పకూడదా? గడిలో రాసి దాచుకుంటారా? నేనేమైనా తగువుకి రాకుండా ఊరుకున్నానా?

గొంతు బొంగురుపోతోంది అన్నారు ఒకసారి. నాకు గుర్తుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. అదీ నేను చేసిన వైద్యం.

నాలుగున్నర దాటింది. పన్నెండో వరస ఒక్కటీ తీసేస్తే తప్పులుండవు. లాభం సున్నా, పన్ను సున్నా. ఏడాదంతా కలిపి మీకు మిగిలింది నష్టమే. ఆ నష్టాన్ని జాగ్రత్తగా దాచుకోండి, వచ్చే ఏడాది పనికొస్తుంది అంటోంది సాఫ్ట్‌వేరు. ఈ ఇంట్లో పనికొస్తుందని దాచుకునేవాటికి కొదవేముంది లెండి.

కానీ నేను మార్కరు లాక్కుంది ఇందుక్కాదండీ. ఇదంతా చదివి మిమ్మల్ని సిగ్గుపడేలా చెయ్యడానికి కాదు.

మీ షీటులో లేని వరస ఒకటుంది.

ఓడల కంపెనీ గుర్తుందా? పదకొండేళ్ళయింది. పెద్ద మెషిను కొనుక్కోవాలని నేను రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు, మూడు నెలల్లో రెట్టింపని తీసుకెళ్ళి ఓడల్లో పెట్టారు. మూడు నెలల్లో ఆ ఆఫీసుకి తాళం పడింది. మీరు వారం రోజులు సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. నేను ఒక్క మాట అనలేదు. ఎంత మంచిదాన్నో అని మీరు అందరికీ చెప్పుకున్నారు కూడా.

అనలేదు కానీ, ఆ నెల నుంచే నా లెక్క మారింది. నాలుగు ప్యాంట్లు చేస్తే మీకు మూడని చెప్పాను. కోటు చేతులు సరిచేస్తే అసలు చెప్పనే లేదు. పక్క వీధి బ్యాంకులో నా పేరున ఒక ఖాతా తెరిచాను. పాసు పుస్తకం ఎక్కడుంటుందో తెలుసా? ఆ గుండీల డబ్బా అడుగున. మీ చొక్కా గుండీ ఊడిన ప్రతిసారీ మీ కళ్ళ ముందే ఆ డబ్బా తెరిచాను.

మీ చేతికిస్తే మళ్ళీ ఏ ఓడల పాలు చేస్తారోనని దాచాను. మొదట్లో అదే. తర్వాత్తర్వాత భయం పోయింది, అలవాటు మిగిలింది. ఆ పుస్తకంలో అంకె పెరుగుతుంటే చూసుకోవడం బాగుండేది. నాకంటూ ఒకటుంది అనిపించేది.

మోటారు కాలిన రోజు ఆ ఖాతాలో నాలుగు మోటార్లు కొనేంత డబ్బుంది.

వింటున్నారా? నాలుగు. ఒక మోటారు కొనుక్కుని, మిగిలినదాంతో మీ గొంతు రెండుసార్లు బాగుచేయించొచ్చు.

అయినా మీ ముందుకొచ్చి ఏడ్చాను. చేతిలో పైసా లేదు, నా చేతులు విరిచేసినట్టుంది అన్నాను. ఎందుకో చెప్పనా? మీకు షేర్లు ఎక్కువో నేనెక్కువో చూద్దామని. అవునండీ, పరీక్ష పెట్టాను. యాభై దాటిన మనిషిని, బుద్ధి ఉండక్కర్లా? మర్నాడు సాయంత్రం మీరు మోటారు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని బిగించారు. గెలిచాననుకున్నాను. వారం రోజులు మహారాణిలా కుట్టాను. పోటీ సబ్బులతో అనుకున్నాను కానీ మీ గొంతుతో అని నాకేం తెలుసు!

మీరు చెప్పలేదు. నేను చెప్పలేదు. ఎంత చక్కటి జంట!

ఈ సాఫ్ట్‌వేరుకి మాత్రం మొహమాటం లేదు. షేర్ల పేజీ అవగానే తర్వాతి పేజీలో అడిగేసింది. ఇద్దరిదీ కలిపి ఒకే రిటర్ను కదా మరి. 'మీ భార్య పేరున వేరే ఖాతాలో వడ్డీ వచ్చిందా? అవును. కాదు.' ముప్పై ఏళ్ళలో మీరు ఒక్కసారి కూడా అడగని ప్రశ్న. 'కాదు' అని నొక్కితే ఆ అబద్ధం కింద మీరు కూడా టిక్కు పెట్టాలి. 'అవును' అని నొక్కితే ఆ అంకె మీ కంట పడాలి.

పొద్దుటినుంచీ తప్పులు తప్పులని గోల పెడుతున్నానే, ఆ పన్నెండో వరస తప్ప అవన్నీ మధ్యాహ్నం పన్నెండుకే అయిపోయాయండీ. ఆ పేజీ దాకా వెళ్తున్నాను, వెనక్కొస్తున్నాను. ఇప్పటిదాకా నేను చేసింది అదే.

మీ గొంతు వచ్చాక చెప్పొచ్చు కదా అని కూడా అనుకున్నాను. కానీ అప్పుడు మీరు జవాబు చెప్తారు. అది వినే ధైర్యం నాకు లేదు. పోనీ, గొంతు రాకపోతే? అప్పుడు చెప్పడానికి నాకు నోరుండదు. అందుకని ఈ వేళ.

ఇదిగో, పన్నెండో వరస తీసేస్తున్నాను. భయపడకండి, ఏడో కాలమంతా నా కొలతల పుస్తకంలో రాసుకున్నాను. ఎవరిదో నడుం చుట్టుకొలతకీ ఇంకెవరిదో కాలు పొడుగుకీ మధ్య ఉంది మీ గొంతు. డిలీట్. పోయింది. ఇంపోర్టు. ఆకుపచ్చ రంగు వచ్చింది. 'అభినందనలు' అంటోంది, దాని తెలివి తెల్లారినట్టే ఉంది.

తర్వాతి పేజీ. అవును. నొక్కాను.

మీలా చెప్పడం నాకు చేతకాదు. మైకు కూడా లేదు. ప్రయాణికులకు విజ్ఞప్తి. పదకొండేళ్ళ కిందట బయల్దేరిన డబ్బు, పదహారు నెలల కిందట చేరాల్సింది, ఈ రోజు సాయంత్రం నాలుగూ నలభై ఆరుకి చేరింది. కారణం, అది దాచుకున్న మనిషి. అసౌకర్యానికి... అసౌకర్యానికి చింతిస్తున్నానండీ.

వద్దు! నోరు తెరవొద్దు! నాలుగు రోజులు పడ్డ కష్టం పోతుంది. పెదాలు మూసుకోండి. నా వైపు చూడండి. ఆఁ.

ఇదిగో మార్కరు. మూత తీసిస్తున్నాను. తిట్టాలనుంటే తిట్టండి, ఒక వైపు చాలకపోతే పలకకి రెండో వైపుంది. లేదంటే ఒక్క మాట రాయండి, రద్దు అని. ముప్పై ఏళ్ళూ కలిపి రద్దని రాసినా నేనేమీ అనను.

ఏంటి, ముందు మౌసా? తీసుకోండి. టిక్కు అక్కడ కాదు, కింద. ఆ చిన్న గడిలో. అమ్మయ్య. వెళ్ళిపోయింది రిటర్ను. ఐదుకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

ఇప్పుడు రాయండి మరి.

'ఆలస్యం.'

ఆలస్యమా? ఏది ఆలస్యం? మీ గొంతా? మీ కోపమా? కోపం పోవడమా? కారణం రాయలేదేం? మూత పెట్టేసి మార్కరు నా చేతికే ఇచ్చేస్తున్నారేంటండీ? పోనీ ఎంత ఆలస్యమో, అదైనా చెప్పండి.

చెప్పరు. మీరెప్పుడు చెప్పారు గనక. సరే, నా కుర్చీ ఇటు లాక్కుంటాను. ప్రయాణికులు చేసేది ఇంతేగా, మైకు వంక చూస్తూ కూర్చోవడం.